బీరువా తాళం ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: అక్కయ్యగారికి వందనాలు. మాది కృష్ణా జిల్లాలో ఒక చిన్న టౌను. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళ సంఘం. పుస్తకంలో 140 కుటుంబాలున్నాయి. మామూలు ఆదివారం 90 మంది వస్తే గొప్ప. క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ మాత్రం బయట షామియానా వేయాల్సి వస్తుంది. నేను ఆరేళ్ళుగా పాస్టరేటు కమిటీ కార్యదర్శిని. గుడి ఊడ్పించడం దగ్గర్నుంచి కోతకాల పండుగ వేలంపాట దాకా పనంతా ఏడుగురమే లాగుతున్నాం. బీరువా తాళం కూడా మా ఇంట్లోనే ఉంటుంది, ఎవరికి ఏం కావాలన్నా నేనే పరుగెత్తాలి. "ఎవరైనా ముందుకు రండి" అని ప్రకటనల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. తలలూపుతారు, వెళ్ళిపోతారు. యూత్ క్రిస్మస్ నాటిక దాకా ఉంటారు, జనవరి రాగానే మాయం. కరోనా తర్వాత కొందరు ఇంట్లోనే ఫోన్లో ఆరాధన చూసి ఊరుకుంటున్నారు. చందా బాకీ ఉండి, ఏ పనికీ రానివాళ్ళకి పెళ్ళి ప్రకటనలు చదవకూడదనీ, సమాధుల తోటలో చోటు ఇవ్వకూడదనీ కమిటీలో తీర్మానం పెడదామనుకుంటున్నాం. మా అయ్యగారు (పాస్టరుగారు) నెమ్మదస్తులు, ఏమీ అనరు. మా ఇంట్లోవాళ్ళయితే "ఇక మానెయ్యండి" అంటున్నారు. సంఘాన్ని పనిలోకి దింపేదెలా?

– ఒక కార్యదర్శి

జవాబు: తమ్ముడూ, మీకూ మీ ఇంట్లోవాళ్ళకీ వందనాలు.

ముందు ఆ తీర్మానం సంగతి తేల్చేద్దాం. దాన్ని మినిట్స్ పుస్తకంలోకి ఎక్కనివ్వకండి. నా చిన్నప్పుడు ఒక ఊళ్ళో చూశాను. ఎండాకాలం, మధ్యాహ్నం. పాడె సమాధుల తోట గేటు దగ్గర దించారు. లోపల గొయ్యి తవ్వే ఉంది, గేటుకి తాళం ఉంది. మూడేళ్ళ చందా బాకీ కట్టేదాకా తాళం తీసేది లేదన్నారు పెద్దలు. చనిపోయినాయన కొడుకు పక్కన కిళ్ళీకొట్టు వాళ్ళ దగ్గర చేబదులు తెచ్చి కట్టాడు. రసీదు కూడా రాసిచ్చారు, అక్కడే, పాడె పక్కనే నిలబడి. ఆ కుటుంబం మళ్ళీ ఆ గుడి మెట్టెక్కలేదు. మనవలు ఇప్పుడు వేరే మందిరంలో డ్రమ్స్ వాయిస్తున్నారు, సండే స్కూల్ చెబుతున్నారు. అంటే పని చేసే చేతులు ఆ ఇంట్లో లేకపోలేదు. బాకీ వసూలైంది, మనుషులు పోయారు. చందా ఇవ్వలేనివాళ్ళెవరో, ఇవ్వనివాళ్ళెవరో అయ్యగారికి తెలుసు. అది ఆయన ఇంటికెళ్ళి కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం, గేటు దగ్గర తేల్చేది కాదు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఫిర్యాదుగా రాసిన ఒక వాక్యం దగ్గర నాకు జవాబు దొరికింది. "బీరువా తాళం కూడా మా ఇంట్లోనే ఉంటుంది" అన్నారు కదా, అక్కడ.

నవ్వుకోకండి. ఇది నా మీదకి కూడా వచ్చే మాట. నేను టీచరుగా చేస్తూ 19 ఏళ్ళు మా గుడిలో సండే స్కూల్ సూపరింటెండెంటుగా ఉన్నాను. బొమ్మల చార్టులు, హాజరు పుస్తకాలు, రంగు చాక్‌పీసులు, పాత క్రిస్మస్ నాటికల్లో జ్ఞానులు పెట్టుకున్న అట్టకిరీటాలు, అన్నీ ఒక ఇనప బీరువాలో ఉండేవి. తాళంచెవి నా పర్సులో. "నాకెవరూ సాయం రారు" అని అయ్యగారితో ఎన్నిసార్లు అన్నానో. తర్వాత నాకు మోకాలి ఆపరేషను అయింది. మూడు నెలలు మంచం. తాళంచెవి పంపించక తప్పలేదు. ఇంటర్ చదివే ఒక పిల్ల ఆ మూడు నెలలూ క్లాసులు నడిపింది. నేను కర్ర పట్టుకుని మొదటిసారి వెళ్ళిన ఆదివారం చూస్తే, చార్టులు బీరువాలో లేవు, గోడకి తగిలించి ఉన్నాయి. చాక్‌పీసులు పిల్లల చేతుల్లో ఉన్నాయి. గచ్చంతా నోవహు ఓడ గీశారు, ఒంటె ఏదో ఆవు ఏదో తెలియడం లేదు. నాకు ఒళ్ళు మండింది, నిజం చెబుతున్నాను. గచ్చు ఎవరు కడుగుతారు అన్నాను. ఆ పిల్ల "మేమే కడుగుతున్నాం టీచర్, వాళ్ళకి అదే ఇష్టం" అంది. తర్వాత నెమ్మదిగా తెలిసింది, అంతకు రెండేళ్ళ ముందు నుంచీ ఆ పిల్ల నన్ను మూడుసార్లు అడిగిందట, "నేనూ చెప్పనా టీచర్" అని. నాకు ఒక్కసారి కూడా గుర్తులేదు. "చూద్దాంలేమ్మా" అని ఉంటాను.

మీ 140 కుటుంబాల్లో "చూద్దాంలే" అనిపించుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలియదు. వాళ్ళు మీకు చెప్పరు. తలూపి వెళ్ళిపోతారు.

పని చేసే ఏడుగురి మీద నాకు తప్పుపట్టే ఉద్దేశం లేదు. మీరు లేకపోతే ఆ గుడికి ఈపాటికి చెదలు పట్టేవి. కానీ ఏడుగురు ఆరేళ్ళు కలిసి పనిచేస్తే ఏమవుతుందంటే, పనులన్నీ వాళ్ళ చేతి అలవాటుకి తగ్గట్టు అమరిపోతాయి. ఫలానా చాపలు ఫలానా మూలనే, మైకు వైరు ఫలానా మేకుకే, ప్రభుబల్ల గుడ్డ మడత ఫలానా విధంగానే. కొత్తవాడు వచ్చి చెయ్యి వేస్తే "అట్లా కాదు, ఇటివ్వు" అంటాం. రెండుసార్లు "ఇటివ్వు" అనిపించుకున్నవాడు మూడోసారి చేతులు కట్టుకుని వెనక బెంచీలో కూర్చుంటాడు. అప్పుడు మనం ప్రకటనల్లో "ఎవరైనా ముందుకు రండి" అంటాం.

ఆ "ఎవరైనా" అనే మాట ఒకటి. పెళ్ళి భోజనాల దగ్గర "ఎవరైనా నీళ్ళు పోయండి" అని కేకేస్తే ఎవరూ కదలరు, "ఒరేయ్ బుజ్జీ, ఆ జగ్గందుకో" అంటే బుజ్జి కదులుతాడు. గుడిలోనూ అంతే. కాబట్టి ప్రకటనల్లో పిలవడం మూడు నెలలు పూర్తిగా మానేయండి. దాని బదులు ఒక తెల్లకాగితం తీసుకుని మీ ఏడుగురూ చేసే పనులన్నీ విడివిడిగా రాయండి. "కోతకాల పండుగ" అని ఒక్క ముక్కలో రాయొద్దు. ఇంటింటికీ వెళ్ళి ఫలాలు ఎవరెవరు తెస్తున్నారో కనుక్కోవడం, గుడికి అరటిబోదెలూ వరికంకులూ కట్టడం, కోళ్ళ కాళ్ళకి తాడు కట్టి ఒకచోట ఉంచడం, వేలంపాట పాడించడం, ఎవరు ఎంతకు పాడుకున్నారో రాయడం, మర్నాడు బాకీలు వసూలు చేయడం, గుడి కడగడం. చూడండి, ఒక్క పండుగలోనే ఎన్ని పనులున్నాయో. వీటిలో సగం పనులకి బైబిలు జ్ఞానం అక్కర్లేదు, గొంతు అక్కర్లేదు, కమిటీలో సభ్యత్వం అక్కర్లేదు. కోడిని పట్టుకోవడం వస్తే చాలు.

తర్వాత మనిషిని వెతకండి, పనికి తగ్గ మనిషిని. ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు కాదు. మధ్యలో ఒకరోజు ఆయన కొట్టుకో ఇంటికో వెళ్ళి అడగండి. "బాబాయిగారూ, మీరు మార్కెట్ యార్డులో వేలం నడపడం నేను చూశాను. ఈసారి కోతపండుగకి మన గుడి పాట మీరు పాడించాలి. రెండు గంటల పని. తర్వాత మిమ్మల్ని ఇంకే కమిటీలోనూ వేయను, నా మాట." ఇలా అడిగితే మూడు సంగతులు ఆయనకి తెలుస్తాయి. మీరు ఆయన్ని గమనించారని. పని ఎంతో, ఎప్పటికి అయిపోతుందో. ఒకసారి ఒప్పుకుంటే జన్మంతా ఇరుక్కోనని. మనవాళ్ళు పనికి భయపడరు, ఇరుక్కోవడానికి భయపడతారు. సండే స్కూల్లో ఒక్క ఆదివారం కథ చెప్పినవాళ్ళని మరుసటి వారం సూపరింటెండెంటుని చేసేసే అలవాటు మనకుంది మరి.

"కాదు" అంటే నవ్వి వచ్చేయండి. ఆర్నెల్ల తర్వాత ఇంకో పని అడగండి.

ఇప్పుడు కాస్త పాత సంగతి చెబుతాను. టీచరుని కదా, అలవాటు పోదు. ఒంగోలు వైపు 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. కరువు తగ్గాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. నాకు ఆసక్తి దాని వెనకాల సంగతి మీద. నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరు చొప్పున వంతులేసుకుని. అసలు ఆ ప్రాంతంలో పని మొదలైంది తాళ్ళకొండపాడుకి చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఊరూరా తిరిగి తన బంధువులకి చెప్పుకోవడంతో. చదువు లేనాయన. తనకు తెలిసినంత చెప్పాడు. "ముందు నేర్చుకో, తర్వాత చూద్దాం" అని ఆయన్ని ఎవరైనా కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో.

దోర్నకల్లులో అజరయ్య గారిది ఇంకో దారి. ఆయన 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. పల్లెల్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళని తమ చెయ్యి తమ తలమీదే పెట్టుకుని పౌలు మాట పలకమనేవారట. "నేను సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అన్న మాట. ఇంకా తల తడి ఆరలేదు, పని మొదలు. కూలికెళ్ళేవాళ్ళు, పశువులు కాసేవాళ్ళు, అక్షరం ముక్క రానివాళ్ళు. వాళ్ళని "వినేవాళ్ళు"గా కూర్చోబెట్టలేదాయన. మన తాతముత్తాతలు అలా వచ్చినవాళ్ళే, తమ్ముడూ. ఎక్కడో మధ్యలో మనం గుడిని సినిమా హాలులా చేసుకున్నాం. ముందు కొందరు చేస్తారు, మిగతావాళ్ళు చూస్తారు. తర్వాత 2020లో కరోనా వచ్చి ఆ చూడటం ఇంట్లోనే చూసుకోవచ్చని నేర్పింది. చూడటమే పని అయితే మంచం మీంచి చూస్తే తప్పేమిటని వాళ్ళనుకుంటే, వాళ్ళ లెక్కలో వాళ్ళు సరే. ఫోన్ ఆపమని చెప్పి వాళ్ళని రప్పించలేరు. వాళ్ళు రాకపోతే ఆగిపోయే పని ఒకటి వాళ్ళ చేతిలో ఉంటే వస్తారు.

రానివాళ్ళ ఇళ్ళకి వెళ్ళండి. అయ్యగారినీ తీసుకెళ్ళండి. కానీ రెండు వస్తువులు ఇంట్లో వదిలి వెళ్ళండి: రసీదు పుస్తకం, "ఏంటి కనపడ్డం లేదు" అనే మాట. ఆ మాటతో మొదలైతే అవతలివాళ్ళు సాకులు వెతుక్కుంటారు, మీకు నిజం దొరకదు. టీ తాగి, పిల్లల చదువులడిగి, ప్రార్థన చేసి, లేవబోయే ముందు "గుడిలో మీకు ఇబ్బందిగా ఉన్నది ఏదైనా ఉంటే నాకు చెప్పండి, నేను అయ్యగారికి తప్ప ఇంకెవరికీ చెప్పను" అనండి. మొదటిసారి చెప్పరు. రెండోసారికి చెబుతారు. వినడానికి సిద్ధపడి వెళ్ళండి, ఎందుకంటే మీ పేరు కూడా రావచ్చు.

నేను ఇలా తిరిగినప్పుడు విన్నవి కొన్ని చెబుతాను. ఒకావిడ కమిటీ ఎన్నికల్లో తన భర్త ఓడిపోయాక ఎదుటివర్గం వాళ్ళు గుడి ముందే టపాకాయలు కాల్చారని రావడం మానేసింది. పదకొండేళ్ళయింది. ఒక ముసలాయనకి చెవులు వినపడవు, మైకు పెట్టెకి దగ్గరగా కూర్చుందామంటే అది పెద్దల బెంచీ. ఒక కోడలు వేరే సంఘం నుంచి వచ్చింది, అక్కడ ఆశువుగా ప్రార్థించడం అలవాటు, ఇక్కడ పుస్తకంలో చూసి చదువుతుంటే ఏ పేజీలో ఉన్నారో తెలియక సిగ్గు. పక్కన కూర్చుని పేజీ చూపించేవాళ్ళుంటే సరిపోయేది. ఇంకొకాయన కారణం చెప్పలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఎందుకో నేనూ అడగలేదు.

ఇంకొకటి ఉంది. దాన్ని మీరు ఉత్తరంలో రాయలేదు, బహుశా మన సంఘాల్లో ఎవరూ రాయరు. మీ ఏడుగురూ ఏ పేటవాళ్ళు? అందరూ ఒకే పేట నుంచి, ఒకే బంధువర్గం నుంచి ఉంటే, మిగతా పేటవాళ్ళు పనికి రాకపోవడంలో వింతేమీ లేదు. మాల మాదిగ తేడాలు గుడి గుమ్మం దగ్గర చెప్పులతోపాటు వదిలేశామని చెప్పుకుంటాం. ప్రభుబల్ల దగ్గర ముందు ఎవరు మోకరిస్తారో, పండుగ వంట ఎవరు చేస్తారో చూస్తే తెలుస్తుంది వదిలామో లేదో. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీయండి. అక్కడా ఏడుగురే. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకి రోజువారీ వడ్డనలో అన్యాయం జరుగుతోందని సణుగు వచ్చింది. అపొస్తలులు ఆ సణుగుని అణచలేదు. ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఒక్కొక్కరి పేరూ గ్రీకు పేరే. అంటే అన్యాయం జరిగిందన్న వర్గం చేతికే గరిటె ఇచ్చేశారు. మీ కమిటీలో ఖాళీ వచ్చినప్పుడు ఈ అధ్యాయం చదివి తర్వాత పేర్లు చెప్పమనండి.

ఆడవాళ్ళ సంగతి కూడా ఇందులోదే. స్త్రీల సమాజం వాళ్ళు పండుగకి పులిహోర కలుపుతారు, తాటాకు మట్టలు కడతారు, కుటుంబ ప్రార్థనలకి ఇల్లిల్లూ తిరుగుతారు, సమాధి కార్యక్రమం రోజు ఆ ఇంట్లో అన్నం వండేది వాళ్ళే. మీరు చెప్పిన ఏడుగురిలో వాళ్ళని లెక్కేశారా? నాకు అనుమానం. లెక్కేస్తే మీ సంఘంలో పని చేసేవాళ్ళు ఏడుగురు కాదు, ముప్పై మంది అయినా తేలతారు. పని వాళ్ళది, లెక్కల పుస్తకం మనది అంటే ఎన్నాళ్ళు సాగుతుంది? ఇదే సి.ఎస్.ఐ.లో 2013లో నంద్యాల డయాసిస్‌కి పుష్పలలిత గారు తొలి మహిళా బిషప్ అయ్యారు. మీ ఊళ్ళో వేలంపాట డబ్బు ఇద్దరు ఆడవాళ్ళు లెక్కపెడితే ఆకాశం ఊడిపడదు. నెహెమ్యా మూడో అధ్యాయంలో యెరూషలేము గోడ ఎవరెవరు కట్టారో పేరుపేరునా రాసి ఉంటుంది. కంసాలివాళ్ళున్నారు, పరిమళద్రవ్యాలు చేసేవాళ్ళున్నారు, షల్లూము అనే అధికారి తన కూతుళ్ళతో కలిసి కట్టాడని ఉంది. చాలామంది ఎవరి ఇంటి ఎదుటి ముక్క వాళ్ళు కట్టుకున్నారు. 52 రోజుల్లో అయిపోయింది. పనికి మెడ వంచని తెకోవ గొప్పవాళ్ళ సంగతి కూడా అక్కడ ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. వాళ్ళ మీద తీర్మానం చేసినట్టు మాత్రం లేదు.

యూత్ గురించి మీకు కోపం ఉంది, తెలుస్తోంది. క్రిస్మస్ నాటికలో వాళ్ళు ఉంటారంటే, అది మొదటినుంచి చివరిదాకా వాళ్ళ చేతిలో ఉంటుంది కనుక. మాటలు వాళ్ళే రాసుకుంటారు, హేరోదుకి మీసం వాళ్ళే పెట్టుకుంటారు, తప్పుపోతే వాళ్ళే నవ్వుకుంటారు. జనవరిలో వాళ్ళకి ఏం మిగులుతుంది? కుర్చీలు మోయడం. కుర్చీలు మోయడానికి ఏ కుర్రాడూ పొద్దున్నే లేవడు. ఈసారి క్యారల్స్ రౌండ్స్‌లో వచ్చిన కానుకలు వాళ్ళ దగ్గరే ఉంచండి. ఎంత వచ్చిందో, దేనికి ఖర్చు పెట్టాలో వాళ్ళే కూర్చుని తేల్చి, సంఘం ముందు నిలబడి లెక్క చదవమనండి. పదో పరకో తేడా వస్తుంది. రానివ్వండి. పెద్దవాళ్ళ లెక్కల్లో ఎప్పుడూ రాలేదా? వేసవిలో వి.బి.ఎస్. (పిల్లల సెలవుల బైబిలు బడి) పది రోజులూ వాళ్ళకి అప్పగించండి, మీరు మజ్జిగ పట్టుకెళ్ళండి చాలు. కీర్తనల విషయంలో మాత్రం ఒక మాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకంలో చాలా పాటలకి రాగం తాళం వేసి ఉంటుంది, ఇప్పుడు అది చూసి పాడగలిగినవాళ్ళు ఊరికి ఇద్దరో ముగ్గురో ముసలివాళ్ళు మిగిలారు. కీబోర్డు కుర్రాణ్ణి నెలకో సాయంత్రం అలాంటి తాతగారింటికి పంపండి, నెలకో కీర్తన. తాతగారికీ పని, వీడికీ పని. ఇద్దరిలో ఎవరు ఎవరికి నేర్పుతున్నారో కొన్నాళ్ళకి వాళ్ళకే తెలియదు.

అందరూ అన్ని పనులకీ రాలేరు, అదీ గుర్తుంచుకోండి. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఇల్లు చేరే నర్సమ్మని "ఆరాధనకి రావడం లేదు" అని పుస్తకంలో గుర్తు పెట్టకండి. ఆవిడ రాత్రంతా చేసింది ఏమిటో ప్రభువుకి తెలుసు. మంచంలో ఉన్న పెద్దావిడకి నెలకోసారి జబ్బుపడ్డవాళ్ళ పేర్లు రాసి పంపండి, ప్రార్థన చేసే పని ఆవిడది. ఆ కాగితం ఆలస్యమైతే ఆవిడే ఫోన్ చేసి అడుగుతుంది, చూస్తుండండి. డబ్బు లేనివాళ్ళకి పిడికెడు బియ్యం ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసే అలవాటు మన అమ్మమ్మలకీ ఉండేది. మిజోరంలో ఆడవాళ్ళు 1910లో మొదలుపెట్టిన ఈ పిడికెడు బియ్యం ఇవాళ్టికీ ఆ సంఘాల పనికి పెద్ద దన్ను. అందులో అందమేమిటంటే, వెయ్యి రూపాయలు వేసిన ఇల్లూ, కూలికెళ్ళే ఇల్లూ ఒకే డబ్బాలో పోస్తాయి, ఎవరిది ఏ గింజో తెలియదు.

చివరికి మీ గురించి. "ఇక మానెయ్యండి" అంటున్న మీ ఇంటావిడ మాట కొట్టిపారేయొద్దు. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగాదాలు తీరుస్తుంటే, మామ యిత్రో చూసి "నీవు చేయుచున్న పని మంచిది కాదు" అన్నాడు. పిల్లనిచ్చిన మామ అంత మాటంటే అల్లుడు విన్నాడు, నన్నడిగితే ఎర్రసముద్రం తర్వాత అంతటి అద్భుతం అదే. యిత్రో మానెయ్యమనలేదు, పంచుకోమన్నాడు. మీ ఆవిడ కూడా బహుశా అదే అంటోంది, విసుగులో మాట పొట్టిగా వచ్చింది.

కాబట్టి వచ్చే కమిటీలో తీర్మానం బదులు తాళంచెవులు బల్లమీద పెట్టండి. బీరువాకి మూడు నకళ్ళు చేయించండి, ఎంతో కాదు, బజార్లో నిమిషాల పని. ఒకటి అయ్యగారింట్లో, ఒకటి స్త్రీల సమాజం దగ్గర, ఒకటి యూత్ దగ్గర. ఏదైనా పోతుందేమో అంటారు మీ ఏడుగురిలో ఒకరు. పోతుంది. మా బీరువాలోంచి రెండు కిరీటాలు పోయాయి, ఒక జ్ఞాని ఆ ఏడు తలపాగాతో వచ్చాడు. మీరు మాత్రం నాలుగు ఆదివారాలు వెనక బెంచీలో మీ ఇంట్లోవాళ్ళ పక్కన కూర్చోండి. మైకు గీపెట్టినా లేవొద్దు. చాపలు వంకరగా పరిచినా లేవొద్దు. ఇది అన్నిటికంటే కష్టం, నాకు తెలుసు. నేను ఆ గచ్చు మీది ఒంటె వంక చూసి నోరు మూసుకోవడానికి నాలుగు వారాలు పట్టింది.

కోతకాల పండుగ అయ్యాక ఒక కార్డుముక్క రాయండి. వేలం ఎవరు పాడించారో, గుమ్మడికాయ ఎంతకు పోయిందో.